వైస్ ఛాన్సలర్ కుర్చీకి దారి ఎక్కడ మూసుకుపోతోంది?

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని 9 విశ్వవిద్యాలయాలకు ఒకేసారి వైస్ ఛాన్సలర్లను నియమించారు. ఆ 9 మందిలో స్త్రీలు ఇద్దరు. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి ఎస్. ప్రసన్నశ్రీ, తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి వి. ఉమ. ఆదివాసీ భాషలకు లిపులు రూపొందించిన ఒక ఆదివాసీ స్త్రీ విశ్వవిద్యాలయానికి అధిపతి కావడం మనందరికీ సంతోషమే. అయితే ఆ సంతోషంలో లెక్క మరిచిపోకూడదు. మహిళా విశ్వవిద్యాలయానికి స్త్రీని వేస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఎవరి చోటూ పోదు కాబట్టి. దాన్ని పక్కన పెడితే మిగిలింది 8 మందిలో ఒక్కరు. డోన్, నంద్యాల, ఆళ్ళగడ్డ కాలేజీల పిల్లలకు పట్టాలిచ్చే కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయానికి ఆ జాబితాలో వచ్చినది పురుషుడే.

కూలి రేట్ల కోసం, రేషన్ కోసం, వరకట్నం చావుల మీద కేసుల కోసం రోజూ తిరిగే మన కార్యకర్తలు కొందరు ఇది చదివి, వైస్ ఛాన్సలర్ల గొడవ మనకెందుకు అనుకోవచ్చు. పై కులాల, పై తరగతుల ఆడవాళ్ళ పదవుల పంచాయితీ అది అని ఒక మిత్రురాలు నాతో సూటిగానే అన్నారు. ఆమె మాటలో నిజముంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. కానీ అమ్మాయిల హాస్టల్ గేటుకి ఎన్నింటికి తాళం వేయాలో నిర్ణయించేది ఆ కుర్చీ. లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీలో ఎవరు కూర్చోవాలో, గెస్ట్ లెక్చరర్లకి ఎన్ని నెలలు జీతం ఇవ్వాలో, డోన్ లాంటి ఊళ్ళలోని అనుబంధ కళాశాలల్లో ల్యాబులు ఉన్నాయో లేవో చూసి రావడానికి ఎవరిని పంపాలో కూడా అక్కడి నుంచే తేలుతుంది. సర్పంచి పదవిలో మనం మూడో వంతు అడిగింది ఎందుకో ఈ కుర్చీ గురించి అడగాల్సిందీ అందుకే.

ఈసారి ఒక్క శాస్త్రాన్ని తీసుకుని చూద్దాం: రసాయన శాస్త్రం. దీన్నే ఎంచుకోవడానికి కారణముంది. మన దగ్గర పరిశోధన చేసిన కెమిస్టు విశ్వవిద్యాలయానికి అధిపతి కావడం పాత సంగతి. 1974లో పుట్టిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్ గురుబక్ష్ సింగ్ కర్బన రసాయన శాస్త్రజ్ఞుడు. 1994 నుంచి 1998 వరకు అదే కుర్చీలో ఉన్న గోవర్ధన్ మెహతా కూడా ఆ శాస్త్రం వారే. ఆ తర్వాత ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరుగా వెళ్ళి 2005 దాకా ఉన్నారు. 2011లో వచ్చిన రామకృష్ణ రామస్వామిదీ రసాయన, భౌతిక శాస్త్రాలు కలిసే చోటు. మంచి పరిశోధన, తర్వాత డిపార్ట్‌మెంటు హెడ్, డీన్, అక్కడి నుంచి వైస్ ఛాన్సలర్. మెట్లన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తరగతుల్లో అమ్మాయిలు ఎంతోకాలంగా నిండుగానే ఉన్నారు. అయినా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గురుబక్ష్ సింగ్ మొదలు 2021లో వచ్చిన బి.జె. రావు దాకా పూర్తికాలం వైస్ ఛాన్సలర్‌గా ఒక్క స్త్రీ పేరు లేదు. తరగతిలో ఉన్న అమ్మాయిలు ఏ మెట్టు మీద ఆగిపోయారు?

దీనికి జవాబు వెతకడానికి దర్శన్ రంగనాథన్ జీవితాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఆమె తెలుగు స్త్రీ కాదు, 1941లో ఢిల్లీలో పుట్టారు. కానీ ఆమె కథకు రెండు చివరలూ మన నేల మీదే తగులుతాయి. ఢిల్లీలో ఆమెకు గైడు టి.ఆర్. శేషాద్రి. 1933 నుంచి 1949 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగాన్ని నిలబెట్టి, తర్వాత ఢిల్లీ వెళ్ళిన శేషాద్రి ఆయనే. ఆమె చివరి ఏళ్ళు గడిచింది హైదరాబాదు తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో. మధ్యలో ఏం జరిగిందన్నదే మనకు కావలసిన సంగతి.

1967లో డాక్టరేటు వచ్చింది. మిరాండా హౌస్‌లో లెక్చరరుగా చేరి కెమిస్ట్రీ విభాగానికి అధిపతి కూడా అయ్యారు. తర్వాత పేరున్న స్కాలర్‌షిప్పు మీద లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్ళి నోబెల్ గ్రహీత డెరెక్ బార్టన్ దగ్గర పనిచేశారు. ముప్ఫై ఏళ్ళకే ఇంత. ఇదే చరిత్ర ఒక పురుషుడిదైతే తర్వాతి పేరా మనం చదవకుండానే చెప్పగలం. 1970లో ఆమె ఎస్. రంగనాథన్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆయన కాన్పూర్ ఐ.ఐ.టి.లో కెమిస్ట్రీ అధ్యాపకుడు. భార్యాభర్తలిద్దరికీ ఒకే చోట అధ్యాపక ఉద్యోగం ఇవ్వకూడదన్న నియమం అక్కడ నడిచేది. ఏ పుస్తకంలోనూ రాయని నియమం. దానికి లోబడి మిరాండా హౌస్‌లో విభాగాధిపతిగా ఉన్న మనిషి కాన్పూరులో ఫెలోషిప్పుల మీద, ప్రాజెక్టుల మీద బతకాల్సి వచ్చింది. ఒకటి రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళకు పైగా.

రాయని నియమం అన్న మాట దగ్గర మనం ఆగాలి. రాసిన నియమం అయితే కోర్టుకి వెళ్ళవచ్చు, జీవో కాపీ తగలబెట్టవచ్చు. రాయనిదాన్ని ఏం చేస్తాం? బంధుప్రీతి లేకుండా చూడడానికే అని దాన్ని సమర్థించేవారు ఉన్నారు. మంచిదే, మరి ఇద్దరిలో ఎవరో ఒకరే ఉండాలన్నప్పుడు బయట నిలబడేది ప్రతిసారీ భార్యే ఎందుకవుతుంది? అన్నదమ్ములు, గురుశిష్యులు, ఒకే కులం వాళ్ళు, ఒకే జిల్లా వాళ్ళు ఒక విభాగంలో నిండిపోతే ఎవరికీ గుర్తురాని బంధుప్రీతి, ఒక స్త్రీ తన సొంత అర్హతతో వచ్చి నిలబడినప్పుడే గుర్తుకొస్తుంది. ఇది కాన్పూరు ఒక్కచోటి వింత కాదు. మన జిల్లా కాలేజీల్లో "ఆయన ఇక్కడే కదా, ఆమెకి ఇంకా ఉద్యోగం ఎందుకు" అన్న మాట వినని జంట ఉంటే చెప్పండి.

ఆ ఇరవై ఏళ్ళలో ఆమె చేసిన పని తక్కువది కాదు. శరీరంలో జరిగే రసాయన క్రియల్ని ప్రయోగశాలలో తిరిగి నడిపించి చూడడం ఆమెకు ఇష్టమైన సమస్య. మన కాలేయంలో యూరియా తయారయ్యే చక్రాన్ని అలా అనుకరించారు. చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు తమంతట తాము గొట్టాల్లాగా, పొరల్లాగా ఎలా అమరుతాయో చూపించారు. మన దేశంలో కర్బన రసాయన శాస్త్రంలో ఆమె అంత విరివిగా ప్రచురించినవారు కొద్దిమందే. 1993లో త్రివేండ్రం రీజనల్ రీసెర్చ్ లాబరేటరీకి, 1998లో హైదరాబాదు ఐ.ఐ.సి.టి.కి డిప్యూటీ డైరెక్టరుగా వచ్చారు. 1999లో థర్డ్ వరల్డ్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ బహుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సరుతో 2001 జూన్ 4న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజు నాడు వెళ్ళిపోయారు.

ఆమె ప్రతిభ గురించి నివాళులు చాలా వచ్చాయి. "అడ్డంకులను లెక్కచేయని ధీర" అని రాశారు. ఈ ధీరత్వపు పొగడ్త నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. ఆమెను అంత ధీరగా ఉండాల్సిన స్థితికి నెట్టింది ఎవరన్న ప్రశ్న అందులో మాయమవుతుంది. ఇక్కడ ఉద్యోగం, జీతం సంగతి ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఇరవై ఏళ్ళు ఫెలోషిప్పు మీద ఉన్న మనిషి ఫ్యాకల్టీ మీటింగులో కూర్చోదు. సిలబస్ కమిటీలో, సెలక్షన్ కమిటీలో ఉండదు. హెడ్ కాదు, డీన్ కాదు. పరిశోధనను ఎవరూ ఆపలేదు కాబట్టి అన్యాయం కనబడదు. పాలనకు తీసుకుపోయే నిచ్చెన మాత్రం ఆమె కింద నుంచి మొత్తంగా తీసేశారు. సెర్చ్ కమిటీ కూర్చున్న రోజు "అర్హురాలైన స్త్రీ ఎవరూ కనబడలేదు" అంటారే, ఆ కనబడకపోవడం తయారయ్యేది ఇలాగే.

ఆమెకు ముందు తరంలోనూ ఇదే. కమలా సొహోనీ 1933లో బెంగళూరు ఇన్‌స్టిట్యూట్‌కి దరఖాస్తు పెడితే సి.వి. రామన్ ఆడపిల్ల అని కాదన్నారు. ఆమె ఆయన గదికి వెళ్ళి పట్టుబట్టి, ఏడాది పాటు పరీక్షగా ఉంచుకోవాలన్న షరతు మీద చేరారు. కేంబ్రిడ్జిలో 1939లో డాక్టరేటు తెచ్చుకుని, బొంబాయి రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బయోకెమిస్ట్రీ నడిపారు. ఆ సంస్థకు డైరెక్టరు కావడం మాత్రం ఎన్నో ఏళ్ళు ఆలస్యమైంది. కలకత్తాలో అసీమా ఛటర్జీ 1961లో భట్నాగర్ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ. 1975లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌కు మొదటి స్త్రీ అధ్యక్షురాలు. రాజ్యసభకు కూడా నామినేట్ చేశారు. గౌరవాలకు కొదవ లేదు. వైస్ ఛాన్సలర్ల పట్టికల్లో మాత్రం ఆ పేరు ఎక్కడా లేదు. స్త్రీకి శాలువా కప్పడం సులువు, సంతకం చేసే అధికారం ఇవ్వడం కష్టం.

అసలెవరూ లేరా అంటే ఉన్నారు. వృక్షశాస్త్రం నుంచి వచ్చిన విద్యావతి 1998లో కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మన కెమిస్టు ఎం. లక్ష్మీకాంతం ఉత్ప్రేరకాల మీద దశాబ్దాలు పనిచేసి, 2013 నుంచి 2015 వరకు ఐ.ఐ.సి.టి.కి డైరెక్టరుగా ఉన్నారు. ఆ కుర్చీలో మొదటి స్త్రీ ఆమె. 1944 నుంచి లెక్కవేస్తే ఆ సంస్థకు ఒక స్త్రీ అధిపతి రావడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది. అదీ పరిశోధనా సంస్థ. అక్కడ లోపలే ఎదిగినవారికి కొంత దారి ఉంటుంది. విశ్వవిద్యాలయంలో రాజకీయ పలుకుబడి, కులం, రాజధానిలో తిరిగే కాళ్ళు అన్నీ కలిస్తే గానీ కుర్చీ దాకా రాదు. సాయంత్రం ఆరు దాటాక సచివాలయం వరండాల్లోనూ గెస్ట్ హౌసుల్లోనూ నడిచే ఆ మంతనాల్లో స్త్రీలకు చోటు లేదు. వెళ్ళినా "ఈమెకి ఇంత ఆశ ఏమిటి" అన్న మాట ముందే వచ్చేస్తుంది. పురుషుడిది ప్రయత్నం, స్త్రీది ఆశ.

ఇప్పుడు డోన్ దగ్గర మొదలుపెట్టి చూద్దాం. గుంతకల్లు, కర్నూలు, నంద్యాల వైపు లైన్లు కలిసే జంక్షన్ అది. పక్కనే బేతంచెర్ల, చుట్టూ సున్నపురాయి, నాపరాయి. బండలు కోసే, పాలిష్ చేసే పనుల్లో ఆ దుమ్ము పీల్చే ఆడవాళ్ళు మన సంఘాలకు కొత్తవాళ్ళు కారు. వాళ్ళ కూతుళ్ళు కొందరు డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నారు. అమ్మ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేదీ, కూతురు ల్యాబులో పరీక్షనాళికలో వేసేదీ ఒకే సున్నపురాయి. ఈ ఒక్క సంగతితోనే ఎంత మంచి పరిశోధన మొదలుకావచ్చో! కానీ డిగ్రీ అయ్యాక కర్నూలు సుమారు 50 కిలోమీటర్లు. రైలో బస్సో పట్టుకుని తెల్లవారుజామున పోయి చీకటి పడ్డాక రావాలి. 2020 చివర్లో వచ్చిన జీవో 77 ప్రైవేటు పీజీ కాలేజీల పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంటు తీసేసింది. యూనివర్సిటీ సీటు రాని అమ్మాయి ఆ దెబ్బతో ఆగిపోయింది. అబ్బాయి అయితే అప్పు చేసి చదివించే ఇల్లు, అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఆ అప్పు కట్నానికి చేద్దామంటుంది. "కర్నూలు దాకా పంపిస్తిమి మేడమ్, ఇంగ హైదరాబాదంటే ఎట్ల పంపేది?" అన్న తల్లి గొంతులో నాకు మొండితనం కంటే భయమే ఎక్కువ వినబడింది.

ఆ భయాన్ని విశ్వవిద్యాలయం తీర్చాలి. కానీ పెంచుతోంది. కెమిస్ట్రీ పరిశోధన అంటే గడియారం చూసి ఆపేసే పని కాదు. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టిన రియాక్షను రాత్రి పదింటికి కానీ తేలకపోవచ్చు. మధ్యలో వదిలేస్తే రెండు వారాల పని పోతుంది, ఒక్కోసారి ప్రమాదం కూడా. అబ్బాయిల హాస్టలుకు లేని తాళం అమ్మాయిల హాస్టలుకు ఎనిమిదింటికి పడితే ఆమె ఎంచుకోగలిగే రియాక్షన్లే తగ్గిపోతాయి, పేపర్లు తగ్గిపోతాయి. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళకు వేరే నియమాలు పెట్టకూడదని 2013లో యు.జి.సి. వేసిన సక్షమ్ నివేదికే చెప్పింది. ఎన్ని క్యాంపసుల్లో ఆ నివేదిక తెరిచి చూశారు?

ఇక గైడు. ప్రయోగశాలలో గైడు చేతిలో రసాయనాలు, పరికరం ముందు వంతు, ఫెలోషిప్పు బిల్లు మీద సంతకం, థీసిస్ అన్నీ ఉంటాయి. వేధించే గైడు ఒక్కడు చాలు, ఫిర్యాదు చేస్తే అయిదేళ్ళ పని బూడిద. 2013 చట్టం, 2015 యు.జి.సి. నియమాలు ఉన్నాయి. ఫిర్యాదు చేసిన అమ్మాయిని మరో గైడు కిందకి మార్చి, ఆమె పని ఆమెకు దక్కేలా చూసే ఏర్పాటు ఎక్కడుంది? ఆ ఏర్పాటు లేనిచోట కమిటీ గోడ మీద బోర్డుగా మిగిలిపోతుంది.

ఇవన్నీ దాటిన అమ్మాయికి ఎదురయ్యే అంకగణితం చూడండి. 30 ఏళ్ళకు డాక్టరేటు వచ్చిందనుకుందాం, పెళ్ళి, బిడ్డ మధ్యలో ఉన్నాయి. తర్వాత గెస్ట్ లెక్చరరుగా, కాంట్రాక్టు మీద కొన్నేళ్ళు. 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు. అవి కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. కాంట్రాక్టులో గడిచిన ప్రతి ఏడూ లెక్కలోంచి పోయినట్టే. 35కి రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అయిందనుకుంటే, 2018 యు.జి.సి. నిబంధనల మెట్ల ప్రకారం ఏ ఆటంకమూ లేకుండా ప్రొఫెసర్ కావడానికి 15 ఏళ్ళు. అప్పటికి 50. వైస్ ఛాన్సలరుకు కావలసింది ప్రొఫెసరుగా 10 ఏళ్ళ అనుభవం. అంటే 60. ఒక్క ప్రమోషను మూడేళ్ళు వాయిదా పడినా, ఒక్క ఇంటర్వ్యూ కోర్టులో ఆగినా, భర్త బదిలీకో అత్తగారి పక్షవాతానికో రెండేళ్ళు సెలవు పెట్టినా ఆమె అర్హత వచ్చేలోపే రిటైరవుతుంది. 28కి ఉద్యోగం దొరికి, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా సెలవు పెట్టక్కర్లేని పురుషుడు 53కే అర్హుడు. నిబంధనలో స్త్రీ అన్న మాటే లేదు. అయినా అది స్త్రీని ఏరిపారేసే జల్లెడే.

ఈ విరామాల సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2002లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మహిళా శాస్త్రజ్ఞుల పథకం పెట్టింది. మధ్యలో ఆగిపోయినవారు మళ్ళీ ల్యాబులోకి రావడానికి ఫెలోషిప్పు. 2016లో యు.జి.సి. పీహెచ్‌డీ స్త్రీలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ళ సడలింపు ఇచ్చింది. ఇవి పోరాడి తెచ్చుకున్నవి, వదులుకోకూడదు. కానీ ఫెలోషిప్పు ఉద్యోగం కాదు. మూడేళ్ళ ఫెలోషిప్పు అయిపోయాక ఆమె మళ్ళీ వాకిట్లోనే ఉంటుంది. దర్శన్ రంగనాథన్ ఇరవై ఏళ్ళు నిలబడిన వాకిలే అది, ఇప్పుడు దానికి ఒక పథకం పేరు వచ్చింది.

నియామకం ఎలా జరుగుతుందో కూడా మన కార్యకర్తలు తెలుసుకోవాలి. 1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ముగ్గురు సభ్యుల సెర్చ్ కమిటీ ఉంటుంది. విశ్వవిద్యాలయ పాలకమండలి తరఫున ఒకరు, యు.జి.సి. తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. వారిచ్చిన పేర్లలోంచి ఛాన్సలరు నియమిస్తారు. పదవీకాలం మూడేళ్ళు. ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. మామూలు అసిస్టెంట్ ప్రొఫెసరు ఇంటర్వ్యూకి ఒక స్త్రీ అభ్యర్థి వస్తే, కమిటీలో స్త్రీ లేకపోతే ఒకరిని నామినేట్ చేయాలని యు.జి.సి. నిబంధనే ఉంది. దళితులకు, ఆదివాసీలకు, వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు, వికలాంగులకూ అదే రక్షణ. వైస్ ఛాన్సలరును వెతికే కమిటీకి ఆ షరతు లేదు. కింది గుమస్తా దగ్గర నుంచి నియామకాల్లో మూడో వంతు స్త్రీలకన్న నియమం ఉన్న రాష్ట్రంలో, కుర్చీ పెద్దదయ్యేకొద్దీ నియమం చిన్నదవుతుంది.

బయటి దేశాల్లో ఇది తనంతట తీరిపోయిందనుకుంటే పొరపాటు. అమెరికాలో మేరీ ఆన్ ఫాక్స్ అనే కెమిస్టు 1998లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి, 2004లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ అయ్యారు. బాగుంది. అదే కాలంలో, అదే దేశంలో, ఎం.ఐ.టి.లో నాన్సీ హాప్‌కిన్స్ అనే జీవశాస్త్రజ్ఞురాలు టేపు పట్టుకుని రాత్రిపూట ల్యాబులు కొలిచారు. పురుష ప్రొఫెసర్లకు ఎన్ని అడుగుల చోటు, స్త్రీలకు ఎంత అని. 1994లో అక్కడి సైన్స్ విభాగాల్లో స్థిర ఉద్యోగం ఉన్న పురుషులు 194 మంది, స్త్రీలు 15 మంది. ఆ స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేదాకా ఎవరికి వారు తన ఒక్కదాని కర్మ అనుకున్నారు. కలిసి లెక్కలు తీశారు. 1999లో ఎం.ఐ.టి. నివేదిక వేసి వివక్ష ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం ముందు చేసినదీ, వీళ్ళు టేపుతో చేసినదీ మూలంలో ఒకటే అని నాకనిపిస్తుంది. నా ఇంటి గొడవ అనుకున్నది అందరిదీ అని తేలడం.

ఇక మిత్రురాలి అభ్యంతరం. కుర్చీలో స్త్రీ కూర్చుంటే హాస్టలు తాళం తెరుచుకుంటుందా? అక్కర్లేదు. తాను పడ్డ కష్టమే అందరూ పడాలనుకునే మేడమ్‌లను మనం చూశాం. అమ్మాయిల దుస్తుల మీద సర్క్యులర్లు ఇచ్చిన ఆడ ప్రిన్సిపాళ్ళనూ చూశాం. పైగా ఇంతవరకూ ఆ మెట్లు ఎక్కగలిగిన కొద్దిమందిలో ఎక్కువమంది చదువుకున్న ఇళ్ళ నుంచి వచ్చినవారే. బండల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత స్త్రీ కూతురికి హాప్‌కిన్స్ టేపు చాలదు. ఆమెకు ముందు హాస్టలు సీటు, సకాలంలో స్కాలర్‌షిప్పు, ఇంగ్లీషు దగ్గర తలవంచుకోనవసరం లేని తరగతి కావాలి. 2021లో డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియానికి మారాలని నిర్ణయించారు. తెలుగు అకాడమీ పుస్తకాలతో ఇంటరు దాటిన అమ్మాయికి ఆ వంతెన ఎవరు కట్టారు? కాబట్టి అడిగేది "ఎవరో ఒక స్త్రీని వేయండి" అని అయితే అది చాలదు. అలాగని ఆ కుర్చీని పురుషులకే వదిలేసి, కింద హాస్టళ్ళ కోసం మాత్రమే ధర్నా చేస్తే మనం ఎప్పుడూ వినతిపత్రం ఇచ్చేవాళ్ళుగానే ఉంటాం.

సెర్చ్ కమిటీలో కనీసం ఒక స్త్రీ ఉండి తీరాలని చట్టంలో చేర్చాలి. కాంట్రాక్టు సర్వీసును అనుభవం కింద లెక్కించాలి. ప్రసూతి సెలవు, సంరక్షణ సెలవు వల్ల ప్రొఫెసరు అనుభవంలో తగ్గిన ఏళ్ళకు సడలింపు ఇవ్వాలి. భార్యాభర్తలు ఒకే విభాగంలో ఉండకూడదన్న రాయని నియమం ఎక్కడ నడుస్తున్నా దాన్ని కాగితం మీద పెట్టించాలి. కాగితం మీదకు వస్తే అది కోర్టు ముందు ఒక్క రోజు కూడా నిలవదు.

దీనికి ముందు మన చేతిలో లెక్కలు ఉండాలి. అందుకని నంద్యాల, కర్నూలు జిల్లాల కార్యకర్తలకు ఒక పని. రాయలసీమ విశ్వవిద్యాలయం పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గత పదేళ్ళలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి నమోదైన స్త్రీలు ఎందరు, పూర్తి చేసినవారు ఎందరు, మధ్యలో మానేసినవారు ఎందరు. కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకుల్లో స్త్రీలు ఎందరు, ఎన్నేళ్ళ నుంచి. ప్రొఫెసర్లలో, డీన్లలో, పాలకమండలిలో స్త్రీలు ఎందరు, వారిలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన తరగతుల, మైనారిటీ స్త్రీలు ఎందరు. ఇంతవరకు ఏర్పడిన సెర్చ్ కమిటీల సభ్యుల పేర్లు. స్త్రీల, పురుషుల హాస్టళ్ళ వేళలు, విడివిడిగా. రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు ఎలా చేయాలో మన న్యాయ సహాయ విభాగం మిత్రులు చెబుతారు. వచ్చిన జవాబుల నకళ్ళు మాకు పంపండి, అంకెలు ఎలా ఉన్నవి అలాగే వచ్చే సంచికలో వేస్తాం.